నేల దాకా

కొత్తగా తుడిచిన నేల. తడి ఇంకా ఆరలేదు. ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద కూర్చున్న కండక్టరమ్మ చూపు ఆ తడి మీదే ఉంది. మెరుస్తున్న చోట జారుతుంది, మెరవని చోట జారదు, కానీ గుమ్మం ముందు పరిచిన పట్టా ఒక మూల పైకి లేచి ఉంది, అది కాలికి తగులుకుంటుంది. జబ్బు చేసినప్పటి నుంచీ ఎక్కడికి వెళ్ళినా ఆమె ముందు చూసేది నేలనే. మనుషుల ముఖాలు తర్వాత. ఒకప్పుడు ముఖం చూసి చెప్పేది, వీడు టికెట్ తీసుకోకుండా దిగిపోయే రకం, ఈవిడ దిగాల్సిన చోటు దాటిపోయాక గొడవ పెట్టుకునే రకం అని. ఇప్పుడు నేలను చూసి చెబుతోంది, ఇది పడేసే రకం అని. ఆమె కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని భర్త కుడికాలికి బూటు తొడుగుతున్నాడు. పాదం వేలాడిపోకుండా బూటు లోపల ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాన్ని మడమ దగ్గర సర్ది, లేసు లాగి, ముడి వేసి, ఆ ముడిని వేలితో ఒకసారి నొక్కి చూసుకున్నాడు. దర్జీ కదా, ఏ ముడి వేసినా చివర దారం కొరకబోతున్నట్టు వంగుతాడు. బిగుతుగా ఉందా అని తలెత్తకుండానే అడిగాడు. లేదని తల ఊపింది. తల ఊపడం తేలిక. మాట అయితే ముందు లోపల వెతుక్కోవాలి, దొరికాక నాలుక మీద పెట్టుకోవాలి, పెట్టుకున్నాక అది అదేనో కాదో బయటికి వస్తే గాని తెలియదు. మొన్న మంచినీళ్ళు అడగబోతే కిటికీ అని వచ్చింది. పాపం ఆయన వెళ్ళి కిటికీ తెరిచి వచ్చాడు.

అందుకే ఇప్పుడు ఒక్క మాటను లోపల వల్లె వేసుకుంటోంది. నొప్పి. నొప్పి. తలుపు తెరుచుకోగానే, ఫిజియో అమ్మాయి నవ్వుతూ రండమ్మా అనగానే, ఆ నడిపించే కడ్డీల దగ్గరికి వెళ్ళకముందే అనేయాలి. నొప్పి అంటే నడిపించరు. కిందటి వారం అంతా అలాగే గడిచింది, పడుకోబెట్టి కాలు చాపి ముడిచి చేయించి పంపేశారు. అబద్ధం చెప్పడానికి కూడా ఒక్క మాటే ఉంది తన దగ్గర, అది జారిపోకుండా పట్టుకోవాలి. నొప్పి. అసలు ఆ కాల్లో నొప్పే లేదు. నొప్పి ఉంటే బాగుండేది, నాది అని తెలిసేది. ఎవరిదో కాలు తెచ్చి తుంటికి తగిలించినట్టు ఉంటుంది, మోయాల్సింది మాత్రం తనే. అయినా నడుస్తోంది కదా, నెల తిరక్కుండానే కడ్డీలు పట్టుకుని నడిచింది, తర్వాత నాలుగు కాళ్ళ చేతికర్రతో వరండా చివరి దాకా వెళ్ళి వచ్చింది, ఫిజియో అమ్మాయి వెనకాల చప్పట్లు కొట్టింది. ఆ తర్వాతే ఆ వాన. వద్దు, వాన సంగతి వద్దు. నొప్పి. నొప్పి.

పడటం అంటే ఏమిటో తెలియకుండా బతికిన ఒళ్ళు ఇది. ఎంతమంది నిలబడేవాళ్ళు బస్సులో, కాలు పెట్టే సందు ఉండేది కాదు, ఆ సందులోంచే ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ రోజంతా దువ్వెనలా తిరిగేది. చేతులు రెండూ పనిలో ఉండేవి, ఒకదానిలో టికెట్లు, ఒకదానిలో చిల్లర, ఇక కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది. బస్సు ఎడమకు తిరుగుతుందంటే నడుముకు ముందే తెలిసేది. బ్రేకు పడుతుందంటే అరికాలికి తెలిసేది. మగవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి తిట్టుకుంటుంటే మధ్యలో తను స్తంభంలా నిలబడి, పడితే పడ్డారు గాని ముందుకు జరగండి నాయనా అనేది. డ్రైవరన్న అద్దంలో చూసి నవ్వేవాడు, మా చెల్లెమ్మ కాళ్ళకు జిగురు పూసుకుని డ్యూటీ ఎక్కుతుందని అందరితో చెప్పేవాడు. ఆ అద్దంలోనే చూశాడు ఆ మధ్యాహ్నం కూడా. వేళ్ళ సందుల్లోంచి టికెట్ల కట్ట జారిపోయింది. వంగి తీసుకుందామనుకుంది. వంగడం అంటే ఎలాగో గుర్తురాలేదు. అన్నా ఆపు అందామనుకుంది, నోట్లోంచి ఆ, ఆ అని వచ్చింది, పశువు అరిచినట్టు. పట్టపగలే మందేసుకుని వచ్చినట్టుంది అన్నాడు ఎవరో, ఇంకెవరో నవ్వారు. నవ్వు వినిపించింది, అర్థమైంది కూడా, అదే భయం, అన్నీ అర్థమవుతున్నాయి, లోపల తను నిక్షేపంగా ఉంది, తలుపుకి బయట నుంచి గొళ్ళెం పెట్టినట్టుంది. బస్సు ఆగింది. డ్రైవరన్న వచ్చి ముఖంలోకి చూశాడు, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు, ఆ బస్సును, అంతమంది జనంతో, రూటు వదిలేసి ఆసుపత్రి వైపు తిప్పాడు. ఇదెక్కడికయ్యా అని ఒకాయన అరిచాడు. తర్వాత ఎవరూ అరవలేదు. పేరు తెలియని ఒకామె తన తల ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చీర దగ్గర సబ్బు వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే గుండె గుభేలుమంటుంది. ఇంకోసారి రావచ్చు, జాగ్రత్తగా ఉండాలి అన్నాడు డాక్టరు, బీపీ మాత్రలు మానకూడదన్నాడు. ఇంకోసారి. రోజూ పొద్దున కళ్ళు తెరవగానే పక్కమీదే నాలుక కదిపి చూసుకుంటుంది, ఎడమ చెయ్యి, ఎడమ కాలు, ఉన్నాయి, నిన్నటివి నిన్నటిలాగే ఉన్నాయి. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోదు.

తలుపు తెరుచుకుంది. ముందు చక్రాల కుర్చీ వచ్చింది, అందులో వకీలుగారు. ఆయనకి ఎడమవైపు పడిపోయింది. కాలు ఇంకా రాలేదు గాని నోరు అసలు పోనేలేదు, కోర్టులో మిగిలిపోయిన వాదనలన్నీ ఇక్కడ వినిపిస్తుంటాడు. జుట్టు చెదిరి ఉంది, చొక్కాకి వీపు మీద దుమ్ము. కండక్టరమ్మ ఆ దుమ్మునే చూసింది. వీపు మీద దుమ్మెందుకు. ఆయన ఆమె ముందు కుర్చీ ఆపించుకుని, "కండక్టరమ్మా, ఇవాళ నన్ను కింద పడుకోబెట్టారు. ఒక సంగతి తేలిపోయింది. కింద ఉన్నవాణ్ణి ఇంకెవరూ పడెయ్యలేరు," అని తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కుర్చీ తోసే మనిషి కూడా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. కింద అన్న మాట చెవిలో పడగానే చూపు మళ్ళీ గుమ్మం ముందు పట్టా మీదికి పోయింది. కిందనా. ఎందుకు కింద.

లోపలికి వెళ్ళేసరికి వల్లె వేసుకున్న మాట ఉందో లేదో చూసుకుంది. ఉంది. "నొప్పి," అంది గుమ్మంలోనే. ఫిజియో అమ్మాయి పరవాలేదమ్మా, ఇవాళ నడక లేదు అంది. ఎంత హాయి. భుజాలు దిగిపోయాయి. అప్పుడు చూసింది, గది మధ్యలో నీలం రంగు పరుపు, మందం లేనిది, పరిచి ఉంది. దాని పక్కన చేతులు లేని ఒక కుర్చీ. గోడ పక్క కడ్డీలు ఎవరికీ అక్కర్లేనట్టు ఉన్నాయి. ఇవాళ కిందికి దిగడం, కింద నుంచి లేవడం నేర్చుకుందాం అంటోంది అమ్మాయి, మామూలుగా, పొద్దున్నే పలకరించినట్టు. కూతురి వయసు ఉంటుంది. కూతురు లేదు తనకి, ఉంటే ఇంత ఉండేది, ఇలాగే జడ మెడ మీదికి ముడేసుకుని, ఇలాగే ఎదుటివాళ్ళ పైప్రాణాలు పైనే పోతుంటే తను మాత్రం చల్లగా, చల్లగా. మళ్ళీ ఆ మాట. ఆ మాటే ఆ రోజు వచ్చింది.

వాన వచ్చింది ఆ రోజు. ఆయన మందుల షాపుకి వెళ్ళాడు. అప్పటికే బజారులో తన కుట్టు షాపు మళ్ళీ తెరుస్తున్నాడు, రోజూ కాసేపు వెళ్ళి వస్తున్నాడు, మిగిలిన పని ఇంటికి తెచ్చి ముందు గదిలో కిటికీ పక్కన మిషన్ మీద కుడుతున్నాడు. ఎవరిదో పెళ్ళికూతురి జాకెట్టు, కత్తిరించి మిషన్ మీద పెట్టి వెళ్ళాడు, లేతరంగు పట్టు, నీటి చుక్క పడితే మరక. జల్లు కిటికీలోంచి లోపలికి కొడుతోంది. మంచం మీద కూర్చుని చూస్తోంది తను. ఆ కాస్త దూరం. వరండా చివరి దాకా వెళ్ళి చప్పట్లు కొట్టించుకున్న మనిషికి ఆ కాస్త దూరం ఎంత. కర్ర తీసుకుంది. లేచింది. బాగానే నడిచింది, ఎంత బాగా నడిచిందంటే ఆయన వచ్చాక ఏమనాలో కూడా అనుకుంది, మాట దొరక్కపోతే కిటికీ వైపు చూపిస్తే చాలు. కుడికాలి బొటనవేలు గడపకి తగులుకుంది. పడటానికి ఎంతసేపు పడుతుంది. పట్టదు. నిలబడి ఉంది, తర్వాత నేల చెంపకి తగిలి ఉంది, మధ్యలో ఏమీ లేదు. కర్ర ఎక్కడో దొర్లింది. దెబ్బ పెద్దది కాదు, మోచేయి దోక్కుపోయింది, అంతే. లేద్దామనుకుంది. అప్పుడు తెలిసింది, లేవడం అనేది ఒళ్ళు మరిచిపోయిందని. బస్సులో టికెట్ల కట్ట కోసం వంగలేకపోయిన ఆ క్షణమే మళ్ళీ. చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఏ కాలు ముందు, ఎటు తిరగాలి. తిరగేసిన తాబేలులా. పక్కవాటాలో టీవీ మోగుతోంది. పిలిచింది. బస్సు చివర నిలబడి పిలిస్తే డ్రైవరుకి వినిపించే గొంతు, అక్కడి మంచం దాకా కూడా వెళ్ళలేదు. ఇంకోసారి రావచ్చు అన్నాడు డాక్టరు. ఇదే ఇంకోసారేమో. ఇప్పుడే వస్తే, ఇక్కడే, ఈ గడప దగ్గర, కళ్ళ ముందు ఈ బల్ల కాలు చూస్తూ. బల్ల కాలి కింద మడిచి పెట్టిన అట్టముక్క. ఎన్నాళ్ళ నుంచి ఉందో అది. వాన చప్పుడు. జల్లు. పట్టు తడుస్తోంది. ఏడుపు రాలేదు. భయం అంత పెద్దదైనప్పుడు ఏడుపుకి చోటుండదు.

ఎలాగో పాక్కుంటూ పోయి గోడకి చేరగిలబడింది. ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చి, గొడుగు చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. ఏమైంది అన్నాడు. నిజం చెబితే ఇక షాపు ఉండదు. కాపలా మొదలవుతుంది. ఏదో ఒకటి చెప్పాలి, లోపలికి చెయ్యి పెట్టి వెతికితే చేతికి వచ్చిన మాట ఒక్కటే. "చల్లగా," అంది. నేల చల్లగా ఉందని కూర్చున్నానన్నట్టు చేత్తో నేలను తట్టింది. ఆయన ఇంకేమీ అడగలేదు. సరే అన్నాడు. గొడుగు మూల పెట్టి, చంకల కింద చేతులు వేసి లేపాడు. తర్వాత తడిసిన పట్టుగుడ్డని తువ్వాలు మీద పరిచి అద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాటి నుంచి షాపుకి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే పని తగ్గిందన్నాడు. స్నానాల గది తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నిన్న భోజనం చేస్తూ చెప్పాడు, షాపు ఎవరో అడుగుతున్నారు, ఇచ్చేద్దామనుకుంటున్నాను అని. కూర వడ్డించినంత మామూలుగా అన్నాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ షాపే ఆయన. టేపు మెడలో లేని ఆయనని ఎప్పుడైనా చూసిందా. ఇప్పుడు చూస్తోంది, మెడ బోసిగా, కోడి మెడలా.

"అమ్మా," అంటోంది ఫిజియో అమ్మాయి. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో. దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఇంట్లో పడ్డారు కదూ?" అంది. కండక్టరమ్మ గుమ్మం వైపు చూసింది. తలుపు మూసి ఉంది, ఆయన బయట ఉన్నాడు. కిందటి వారం మిమ్మల్ని పడుకోబెట్టినప్పుడు మోచేయి చూశానమ్మా, ఎండిపోయిన గాయం అంది అమ్మాయి. అడిగితే చెప్పరని అడగలేదంది. పడటం తప్పు కాదు, స్ట్రోక్ వచ్చినవాళ్ళు చాలామంది ఒకసారైనా పడతారు, పడ్డాక నడక మానేస్తే కాలు ఇంకా బలహీనపడి ఇంకా తొందరగా పడతారు, అందుకని ముందు లేవడం వచ్చేస్తే సగం భయం పోతుంది అంది. చెప్పడం బాగానే ఉంది. ఈత రావాలంటే నీళ్ళలో దిగాలి అన్నట్టు ఉంది. ఆ సగం ఎవరి సగం, ఈ అమ్మాయికి ఏం తెలుసు. నొప్పి అందామనుకుంది. ఆ మాట లేదు. పొద్దుట నుంచీ పట్టుకున్న మాట, అవసరానికి ఎటో పోయింది.

కుర్చీ మీద ఎడమ చెయ్యి వేయించింది అమ్మాయి. బరువంతా ఆ చేతి మీద, నెమ్మదిగా, బలహీనమైన మోకాలు ముందు నేలకి. మోకాలు వంగుతుంటే నేల పైకి వస్తోంది. తను దిగడం లేదు, నేలే లేస్తోంది, నీలంగా, అంచులతో సహా. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అది మామూలుగా కొట్టుకోవడమేనా, ఇంకోసారి అంటే ఇలాగే మొదలవుతుందా, నాలుక మందంగా ఉందా. కదిపి చూసుకుంది. వద్దు వద్దు వద్దు అని బయటికే అంటోంది, ఆ మాట మాత్రం ఎంత స్పష్టంగా వస్తోందో. తన నడుముకి కట్టిన పట్టీని అమ్మాయి పట్టుకునే ఉంది, వదలను అంటోంది, వదలనమ్మా. మోకాలు ఆనింది. రెండోది. తుంటి. మోచేయి. పక్కకి ఒరిగి, వీపు. నేల. ఆ రోజు మధ్యలో ఏమీ లేకపోయింది, ఇవాళ మధ్యలో ఇంత ఉంది.

పైన పంకా తిరుగుతోంది. బల్ల కింద ఒక రబ్బరు బంతి, దుమ్ము ఉండలు, చీపురు అందని మూల. వకీలుగారు ఇక్కడే పడుకున్నాడన్నమాట. ఇంకెవరూ పడెయ్యలేరట. ఎంత అబద్ధం. కింద ఉండటమే పడటం. పడటం క్షణం, ఉండటమే పొడుగు. ఇప్పుడు ఎడమ వైపుకి తిరగండి అంటోంది అమ్మాయి. కుడి మోకాలు ముడిచి తిరగబోతే కుడి చెయ్యి వెనక ఉండిపోయింది, మరిచిపోయిన సంచిలా. దాన్ని ముందుగా ఎడమ చేత్తో తెచ్చి పొట్ట మీద పెట్టుకోవాలి. పెట్టుకుంది. తిరిగింది. మోచేయి మీద లేవబోయింది, సగంలో మోచేయి జారింది, ధబ్బున మళ్ళీ వీపు మీద. బల్ల కాలు. వాన. గొంతులోంచి ఆ, ఆ అని వచ్చింది, బస్సులో వచ్చిన అరుపే. తలుపు అవతల బల్ల జరిగిన చప్పుడు, ఆయన లేచాడు. "రావద్దు బాబాయిగారూ," అంది అమ్మాయి గట్టిగా, తలుపు వైపు. తర్వాత ఆ అమ్మాయి కూడా పరుపు మీద పక్కనే పడుకుంది, అచ్చంగా పక్కన, పంకా చూస్తూ. ఇక్కడ తొందరేం లేదమ్మా, ఊపిరి తీసుకుందాం అంది. ఊపిరి తీసుకుంది. వచ్చింది ఊపిరి. మళ్ళీ తీసుకుంది. నేల అలాగే ఉంది, ఇంకా కిందికి పోవడం లేదు. నేల కింద నేల లేదు. భయం తగ్గలేదు, కానీ భయం ఉండగానే చెయ్యి కదులుతోంది, ఆ సంగతి ఆ రోజు తెలియలేదు.

కుడి చెయ్యి పొట్ట మీదికి. మోకాలు ముడుచు. తిరుగు. మోచేయి. ఒళ్ళంతా ఆ మోచేతి మీదికి నెట్టింది, పళ్ళు బిగించి, నడుము కింద ఏదో గుర్తుకొచ్చినట్టు మెల్లగా తిరిగింది. కూర్చుంది. కుర్చీ దగ్గరికి పాకింది, సిగ్గుపడకుండా పాకింది. మోకాళ్ళ మీద నిలిచి ఎడమ మోచేయి కుర్చీ మీద వేసింది. బాగున్న పాదం ముందుకి పెట్టి నొక్కండి అంది అమ్మాయి. నొక్కింది. తొడ వణికింది, కుర్చీ కిర్రుమంది, ఒక్క క్షణం ఎటూ కాకుండా గాలిలో ఉండిపోయింది, తర్వాత నడుము తిప్పి ధబ్బున కుర్చీలో కూలబడింది. చెమట కళ్ళలోకి కారుతోంది. అమ్మాయి చేతులు రెండూ పైకెత్తి చూపించింది, పట్టీ మీద అసలు చెయ్యే లేదు. ఎప్పుడు వదిలిందో.

బయట ఉన్న ఆయనని పిలవమని చేత్తో చూపించింది. ఆయన వచ్చి పరుపు చూశాడు, ఆమె వీపు మీద దుమ్ము చూశాడు, ముఖం పాలిపోయింది. ఎన్ని రోజులుగానో దాచుకున్నది చెప్పాలి. మాటలు ఒక్కొక్కటే తీసుకుంది. "ఆ రోజు, కూర్చోలేదు. పడ్డాను."

"తెలుసు," అన్నాడు. పరుపు అంచుని కాలితో సర్దుతూ, "వాన పడుతుంటే చల్లదనానికి నేల మీద ఎవరు కూర్చుంటారు," అన్నాడు. అడిగితే తను చెబుతుంది, చెబితే నాకు ఇంకా భయం వేస్తుంది, అందుకని అడగలేదు అని ఫిజియో అమ్మాయితో చెబుతున్నట్టు చెప్పాడు, ఆమె ముఖం చూడలేక. మందుల షాపు నుంచి దారిలో వాన తగ్గేదాకా ఆగానని, ఆగకపోతే ముందే వచ్చేవాణ్ణని కూడా అన్నాడు. ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే భయపడుతున్నాననుకుంది. ఒకే ఇంట్లో రెండు భయాలు, ఒకదానికి ఒకటి కనపడకుండా గోడ వారగా తిరిగాయన్నమాట.

ఈ రోజుకి చాలమ్మా అంది అమ్మాయి. కండక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ," అంది. ఈయన చూడాలి అంది. కుర్చీ మీద చెయ్యి వేసి దిగడం మొదలుపెట్టింది. నేల మళ్ళీ పైకి రావడం మొదలుపెట్టింది, ఇందాకటంత వేగంగానే. గుండె మళ్ళీ చెవుల్లోకి వచ్చింది. ఆయన రెండు చేతులూ చాచి ఒక అడుగు ముందుకు వేశాడు. అమ్మాయి చూసిన చూపుకి ఆగి, ఆ చేతులు ఏం చేయాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. మోకాలు, తుంటి, మోచేయి, వీపు. పంకా. ఆయన ముఖం చాలా ఎత్తున ఉంది.

"షాపు ఇవ్వకండి," అంది నేల మీది నుంచి. పూర్తి వాక్యం. ఎక్కడా తడబడలేదు.

"ముందు నువ్వు లే," అన్నాడు.

"లేస్తాను," అంది. భయంగానే ఉంది. కుడి చేతిని తెచ్చి పొట్ట మీద పెట్టుకుని, పక్కకి తిరిగింది.